ముందు ప్రమాణం, తరువాత వాదం: కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితము

మన చిలకలూరిపేట పరిసరాలలో పత్తి, మిరప పండించని ఊరు అరుదు. పంట అమ్ముకొనే రోజున రైతుకూ, కొనే వర్తకునికీ ధర దగ్గర ఎంత పట్టుదల ఉంటుందో మనమందరం ఎరిగినదే. అయితే ఆ పట్టుదల అంతా కాటా మీద నమ్మకం కుదిరిన తరువాతి మాట. కాటా ఏది, తరుగు ఎంత అన్నది ముందుగా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకరు పాత బారువ లెక్కన, మరొకరు క్వింటాలు లెక్కన ధర చెప్పుకుంటూ కూర్చుంటే తెల్లవార్లూ అరుచుకున్నా బేరం తెగదు. ఇద్దరిలో ఎవరూ మోసగాడు కానక్కరలేదు. ఇద్దరూ తమ లెక్కన నిజమే చెబుతూ ఉండవచ్చు. కొలత ఒకటి కాకపోవడమే అక్కడి చిక్కు.

మాటలతో జరిగే వ్యవహారం కూడా ఇటువంటిదే. ఇంట్లో అన్నదమ్ముల మధ్య గాని, ఊరి పెద్దల మధ్య గాని, సంఘ కమిటీలో గాని వాదం పెరిగి పెరిగి చివరకు మనసులు విరిగిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఎవరి తెలివి తక్కువై అలా జరుగుతున్నది? చాలాసార్లు ఎవరిదీ కాదు. దేనిని ప్రమాణంగా పెట్టుకొని మాట్లాడుతున్నామో ముందుగా తేల్చుకోకపోవడమే కారణము. ఈ సత్యాన్ని తన జీవితంతో నిరూపించిన తెలుగు పెద్ద ఒకరున్నారు. ఆయనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆయన మన సంఘానికి చెందినవారు కారు. అయినా ఆయన జీవితం నుండి మనం నేర్చుకోదగినది ఎంతైనా ఉన్నది గనుక ఈ శతవార్షిక సంచికలో ఆయనను స్మరించుకోవడం సముచితమని భావిస్తున్నాను.

బాల్యము, ఉద్యోగము

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. పెదతండ్రిగారి అండన పెరిగారు. చిన్ననాటి నుండి ఉబ్బసం ఆయనను వదలలేదు. ఆ రొప్పుతోనే చదువుకున్నారు, ఆ రొప్పుతోనే జీవితమంతా ఉపన్యాసాలు చేశారు. ఆయన భార్య బాపమ్మగారు. పెండ్లి తరువాత ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు పెట్టారు. తరువాతి కథలో ఆ తల్లి పాత్ర ఎంతటిదో పాఠకులే గ్రహిస్తారు.

చదువు పూర్తయిన తరువాత పంతులుగారు ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నారు. కోరంగిలోను, ధవళేశ్వరంలోను పని చేసి, తరువాత రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించారు. ఆ ఏడాదే వివేకవర్ధని అనే పత్రికను ప్రారంభించారు. లంచగొండితనాన్ని, మూఢాచారాలను, బాల్య వివాహాలను, కన్యాశుల్కాన్ని ఆ పత్రిక నిర్భయంగా ఎండగట్టింది.

నవ్వులతో ముగిసిన తగవు

ఆ రోజులలో ఆడపిల్లలకు చదువు చెప్పించడం తగదని వాదించినవారిలో కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు ప్రముఖులు. ఆయన గొప్ప పండితులు, ఆంధ్రభాషాసంజీవని పత్రికాధిపతి. వివేకవర్ధని ఒకటి అంటే సంజీవని మరొకటి అనేది. చివరకు ఇరువైపులా హాస్యపత్రికలు వెలిశాయి. వేంకటరత్నంగారి వైపు నుండి హాస్యవర్ధని వస్తే, వీరేశలింగంగారి వైపు నుండి హాస్యసంజీవని వచ్చింది. ఎదుటివారి పత్రిక పేరునే తిప్పి హాస్యానికి తగిలించడంలో ఇద్దరూ ఇద్దరే.

ఆ వ్యంగ్యం తెలుగు వచనానికి మేలే చేసింది. చదువరులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. కాని వాదంగా చూస్తే అది నిలిచినది ఎక్కడ? ఒకరు స్త్రీకి కలిగే మేలును కొలబద్దగా పెట్టుకున్నారు. మరొకరు పూర్వాచారాన్ని కొలబద్దగా పెట్టుకున్నారు. మొదటివారు ఎన్ని మేళ్ళు చూపినా రెండవవారికి లెక్కలేదు. రెండవవారు ఎంత ప్రాచీనత చూపినా మొదటివారికి లెక్కలేదు. ఇక మిగిలినది ఎగతాళి ఒక్కటే.

మన దేశపు తర్కశాస్త్రజ్ఞులు ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా చెబుతుంది. సత్యం తేల్చుకోవడానికి, ఉభయులూ ఒప్పుకున్న ప్రమాణాలతో చేసేది వాదము. గెలుపు ఒక్కటే గురిగా చేసేది జల్పము. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టుకోక ఎదుటివారిని పడగొట్టడమే పనిగా చేసేది వితండము. మనం వాడుకలో వితండవాదమని తిట్టేది దీనినే. ఉపమానం చెప్పినా అది పండితుడూ, పామరుడూ ఇద్దరూ అంగీకరించేదై ఉండాలని ఆ శాస్త్రం నియమం పెట్టింది. ఉభయ సమ్మతం లేనిచోట మాటకు కాలు నిలిచే నేల ఉండదు.

పరాశరుని సాక్ష్యము

అయిదేండ్లు గడిచాక, అంతకంటె కష్టమైన విషయంలో పంతులుగారు పట్టిన దారి వేరు. అది వితంతు వివాహము.

ఆ కాలపు అగ్రవర్ణ కుటుంబాలలో అయిదారేండ్లకే ఆడపిల్లకు పెండ్లి చేసేవారు. వరుడు చనిపోతే, భర్త ముఖమైనా సరిగా ఎరుగని ఆ పసిపిల్ల ఆ క్షణం నుండి విధవ. తల గొరిగించి, తెల్లబట్ట కట్టించి, ఒంటిపూట తిండితో ఇంటి మూలన కూర్చోబెట్టేవారు. శుభకార్యానికి ఎదురు రాకూడదు. ఈ దురవస్థను చూసే పంతులుగారి హృదయం కరిగింది. ఏదో శ్లోకం చదివి ఆయన ఈ పనికి దిగలేదు.

అయితే సభలో నిలబడి తన హృదయాన్ని మాత్రమే విప్పి చూపితే ఏమి జరిగేది? జాలి ధర్మాన్ని మార్చజాలదని పండితులు ఒక్క మాటతో తోసివేసి ఉండేవారు. చట్టం చూపితే? వితంతువుల పునర్వివాహం చెల్లుతుందని 1856లోనే ప్రభుత్వం శాసనం చేసింది. కాని అది పరదేశీయుల శాసనం. తెలుగు గడ్డ మీద ఆ కాగితం చూసి ఒక్క పురోహితుడైనా కదలలేదు. పండితులు శిరసు వంచేది ధర్మశాస్త్రానికి ఒక్కదానికే. అందుచేత పంతులుగారు ఆ ధర్మశాస్త్రాన్నే చేత పట్టుకొని వారి ముందుకు వెళ్ళారు. 1879 ఆగస్టులో రాజమహేంద్రవరంలో స్త్రీ పునర్వివాహం శాస్త్రసమ్మతమని ఆయన మొదటి ఉపన్యాసం చేశారు.

ఈ దారి మొదట వేసినవారు వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు. కలకత్తా సంస్కృత కళాశాలకు అధ్యక్షులైన ఆయన 1855లో ఈ విషయంపై రెండు గ్రంథాలు ప్రకటించారు. ఆ వాదపు కట్టుబడి చూడదగినది. కలియుగానికి వర్తించే ధర్మం ఏదన్నది మొదటి ప్రశ్న. పరాశరస్మృతి తాను కలియుగధర్మాన్నే చెబుతున్నానని తానే ప్రకటించుకున్నది. ఆ స్మృతిలో భర్త కనిపించకుండా పోయినా, మరణించినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరొక భర్త విహితమని ఉన్నది. పురాణంలో కలియుగాన అది కూడదని నిషేధం ఉన్నది గదా అంటే, శ్రుతి ముందు స్మృతి, స్మృతి ముందు పురాణం తగ్గి నిలవాలన్నది పండితులందరూ తలవంచే నియమము. ఈ మెట్లలో ఏ ఒక్కదానినీ వాదించేవాడు సొంతంగా కల్పించలేదు. అన్నీ ఎదుటివారి ఇంటిలోనివే.

పండితులు ఊరుకోలేదు. శ్లోకంలో పతి శబ్దం ఉన్న రూపం వ్యాకరణానికి సరిపడదనీ, కనుక అక్కడ ఉద్దేశించినది పెండ్లి పూర్తికాని వరుణ్ణేననీ ఒక సమాధానము. ఆ వచనం వేరే యుగానికి చెందినదని మాధవాచార్యుల వ్యాఖ్యానం చెబుతున్నదని మరొక సమాధానము. వీటికి ప్రతి సమాధానాలు, వాటికి మళ్ళీ ఖండనలు వచ్చాయి. పంతులుగారు రెండవ ఉపన్యాసం కూడా చేయవలసి వచ్చింది.

ఈ వ్యాకరణ చర్చ ఈనాడు మనకు ఎండుగడ్డిలా కనిపించవచ్చు. కాని గమనించండి. అక్కడ ఇరుపక్షాలకూ ఓడిపోయే అవకాశం ఉన్నది. పరాశరుడు అలా చెప్పలేదని తేలితే పంతులుగారు ఓడినట్లే. చెప్పినట్లు తేలితే పండితులు ఓడినట్లే. ఓటమికి చోటున్నదే నిజమైన వాదము. హాస్యపత్రికల తగవులో ఎవరూ ఓడే వీలు లేదు, కనుక ఎవరూ గెలిచే వీలూ లేకపోయింది.

మన వేదపాఠకులకు ఇది కొత్త మార్గం కాదు. పునరుత్థానం లేదనే సద్దూకయ్యులు మోషే ధర్మశాస్త్రాన్ని ప్రమాణంగా పట్టుకున్నవారు. ప్రభువు వారికి జవాబు చెప్పినప్పుడు మోషే పొద దగ్గరి ఘట్టాన్నే ఎత్తి చూపారు. అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకలో సమాజమందిరానికి వెళ్ళి మూడు విశ్రాంతిదినాలు లేఖనాల నుండి తర్కించాడు. ఏథెన్సులో అదే పౌలు ప్రవక్తల పేరెత్తలేదు. ఆ ఊరివారు కట్టుకున్న బలిపీఠం నుండి, ఆ ఊరివారు మెచ్చే కవుల మాట నుండి మొదలుపెట్టాడు. వినేవాడు నిలబడిన చోటికి వెళ్ళి అక్కడ నుండి చేయి పట్టి నడిపించడమే ఇందులోని రహస్యము.

కాటా పడదోసిన రోజు

చర్చ ముదిరేకొద్దీ ప్రతిపక్షం మాట మారింది. శాస్త్రం ఏమి చెప్పినా సరే, ఇది మన దేశాచారం కాదన్నారు. శాస్త్రం మౌనంగా ఉన్నచోటనే ఆచారం మాట్లాడాలన్నది కూడా శాస్త్రనియమమే. కాని అప్పటికి అది వినే ఓపిక పోయింది. ధర వ్యతిరేకంగా తేలేటట్లు ఉన్నదని కాటానే పడదోసినట్లయింది. తరువాత జరిగినది వాదం కాదు, బలప్రయోగము. పంతులుగారిని దారి కాచి కొట్టే ప్రయత్నాలు జరిగితే విద్యార్థులు రక్షణగా నడిచారు.

మాటకు విలువ పోయినచోట పంతులుగారు పనికి పూనుకున్నారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తమ ఇంట మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. పోలీసు బందోబస్తు మధ్య పెండ్లి జరిగింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. బసవరాజు గవర్రాజుగారి వంటి యువమిత్రులు వెన్నంటి నిలిచారు. వంటవారు రాలేదు, నీళ్ళు మోసేవారు రాలేదు. రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుండి బిందెతో నీళ్ళు మోసి, తానే వంట చేసి అతిథులకు వడ్డించారు.

వెంటనే బహిష్కారం వచ్చిపడింది. పీఠాధిపతుల పేర పత్రికలు తిరిగాయి. పెండ్లి భోజనం చేసినవారిలో పలువురు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. పంతులుగారి దంపతులు చలించలేదు. ఆయన జీవితకాలంలో ఇటువంటి వివాహాలు నలభై వరకు జరిగాయని చెబుతారు.

మరి అంత శ్రమపడి చేసిన శాస్త్రచర్చ వృథాయేనా? కాదు. సభలో వింటున్నవారందరూ పండితులు కారు. కొడుకులు, అన్నలు, తండ్రులు ఉన్నారు. ఇంట ఒక బాలవితంతువు ఉండి, ఆమెకు మళ్ళీ పెండ్లి చేయాలని మనసు కొట్టుకుంటూ, పాపమేమోనని జంకేవారు ఉన్నారు. ఇది పాపం కాదని వారికి వారి శాస్త్రం నుండే తెలియజెప్పవలసి ఉన్నది. దయ వారిలో ఉండనే ఉన్నది. దానికి అడ్డుగా ఉన్న భయాన్ని తొలగించినది ఆ వాదము.

ఒక ఆక్షేపణ

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. పంతులుగారు 1878లోనే ప్రార్థన సమాజం స్థాపించినవారు. తరువాత బ్రహ్మసమాజ మతాన్ని అవలంబించారు, యజ్ఞోపవీతాన్ని కూడా విడిచారు. ఏ గ్రంథమూ బుద్ధికి అతీతమైన తుది ప్రమాణం కాదన్నది ఆయన విశ్వాసము. తనకు తుది ప్రమాణం కాని శాస్త్రాన్ని ఎదుటివారి ముందు ప్రమాణంగా చూపడం నిజాయితీయేనా?

ఆలోచించి చూస్తే ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. నమ్మనిదానిని నమ్మినట్లు నటించి ఎదుటివారిని వలలో వేసుకోవడం ఒకటి. అది మోసము. మీరు నమ్మే శాస్త్రమే ఇలా చెబుతున్నది, మీరే చూడండి అని గ్రంథం విప్పి వారి చేతికివ్వడం రెండవది. అది మోసం కాదు. గ్రంథం వారి దగ్గరే ఉన్నది. తప్పు చూపే స్వేచ్ఛ వారికి పూర్తిగా ఉన్నది. పంతులుగారు తన మతాభిప్రాయాలను ఏనాడూ దాచుకోలేదు. పత్రికలో ప్రకటించారు, సమాజం పెట్టి అందులో ప్రార్థన చేశారు. కనుక ఆయనది రెండవ పద్ధతి అని చెప్పవచ్చు.

అయినా ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. పరాశరుడు అనుమతించకపోయి ఉంటే ఆ పసివిధవల గతి ఏమి? ఆ కన్నీరు తుడవడం తప్పయ్యేదా? ఎదుటివారి శాస్త్రం నుండి మొదలుపెట్టవచ్చు గాని, అంతటితో ఆగకూడదు. శాస్త్రం కంటె లోతున, ఇరువురూ మనుషులుగా ఒప్పుకొనేది ఒకటి ఉండాలి. ఇంటిలోని బిడ్డ దుఃఖం దుఃఖమే అనేది అటువంటిది. పండితునికైనా ఆ బిడ్డ కూతురే. పంతులుగారి వాదానికి పైమెట్టు పరాశరుడు, అడుగురాయి ఈ దయ.

తానూ మారినవాడు

ఎదుటివారిని ప్రమాణానికి కట్టుబడమని అడిగే మనిషి తానూ కట్టుబడతాడా అన్నది అసలు పరీక్ష. పంతులుగారి చివరి రోజులలో ఆ పరీక్ష వచ్చింది. పుస్తకాల భాష గ్రాంథికంలో ఉండాలా, శిష్టుల వాడుకలో ఉండాలా అనే వివాదం ఆనాడు తెలుగునాటను రెండుగా చీల్చింది. పంతులుగారు పేరుమోసిన వచన రచయిత, గ్రాంథికంలో కాకలు తీరినవారు. వాడుక భాష పక్షాన నిలిచినవారు పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులుగారు. గిడుగువారి వాదపద్ధతి కూడా ఇదే. వ్యాకరణమే ప్రమాణమనే పండితుల రచనలనే తీసుకొని, అవి ఆ వ్యాకరణానికి ఎక్కడెక్కడ తప్పుతున్నాయో ఏరి చూపారు. పాటించడం తమకే సాధ్యం కాని నియమాన్ని బడిపిల్లల మీద ఎలా రుద్దుతారని అడిగారు.

వీరేశలింగంగారు ఒప్పుకున్నారు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు ఆయన అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. అప్పటికి ఆయనకు డెబ్బది దాటాయి. ఆ వయసులో, అంత కీర్తి గడించిన రంగంలో, తన పూర్వపు అభిప్రాయాన్ని మార్చుకోవడం చిన్న సంగతి కాదు. మూడు నెలలైనా గడవకుండానే, 1919 మే 27న మద్రాసులో ఆయన కన్నుమూశారు. జీవిత సహచరి రాజ్యలక్ష్మమ్మగారు అంతకు ముందే, 1910లో పరమపదించారు. తాను ఆర్జించినదంతా ఆయన తాను స్థాపించిన హితకారిణీ సమాజానికి అప్పగించారు.

మన ప్రాంతంలో వెలుగు

ఆ వెలుగు మన గుంటూరు సీమకూ ప్రసరించింది. సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో జన్మించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు పంతులుగారి అడుగుజాడలలో 1902లో గుంటూరులో వితంతు శరణాలయం నెలకొల్పారు. 1922లో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లల చదువుకు ఆశ్రయం కల్పించారు. మాలపల్లి నవలాకర్తగా మనకు సుపరిచితులైన ఉన్నవవారు ఆయనే.

పంతులుగారి జీవితం చదివి మనం చేయదగిన పని పెద్దదేమీ కాదు. సంఘంలో గాని, ఇంటిలో గాని ఒక వివాదం వచ్చినప్పుడు కాగితం తీసుకొని పైన ఇరుపక్షాలూ ఒప్పుకొనే మాటలు ముందుగా రాసుకుందాము. సంఘ నియమావళి అయితే నియమావళి, లేఖనమైతే లేఖనము, లెక్కల పుస్తకమైతే లెక్కల పుస్తకము. అక్కడ ఒక్క వాక్యమైనా కుదరకపోతే ఆ రోజుకు చర్చ ఆపి, ఆ ఒక్క వాక్యం కోసం వెదకడం మేలు. కుదిరితే, అది మనకు వ్యతిరేకంగా తేల్చినా తల వంచుదామని మనసులో ముందే నిశ్చయించుకుందాము. ఈ రెండవది కష్టము. డెబ్బదియవ ఏట పంతులుగారు చేసి చూపినది అదే.